నీటి కింద పని: కొత్త రేవు ఎట్లా పుడుతుంది?

రేవు చూడటానికి అందంగా ఉంటుంది. ఓడలు వస్తాయి, పోతాయి. క్రేన్లు బరువులు ఎత్తుతాయి. మరపడవలు వరుసగా నిలబడతాయి. గంపలతో చేపలు ఒడ్డుకు చేరతాయి. కానీ కంటికి కనిపించేది సగం రేవే. మిగతా సగం నీటి కింద ఉంది. ఆ సగాన్ని ఎవరు కట్టారు? నీళ్ళలో గోడ ఎట్లా లేచింది? నీళ్ళలో సిమెంటు ఎట్లా గట్టిపడింది?

ఈ సంగతులు సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకే కాదు, అందరికీ తెలియాలి. కోస్తాలో కొత్త రేవులు వస్తున్నాయి. 2020 తర్వాత జువ్వలదిన్నె, నిజాంపట్నం, మచిలీపట్నం, ఉప్పాడలో చేపల రేవుల పనులు మొదలయ్యాయి. రేవు పని అంటే కూలి దొరుకుతుంది. ప్రమాదమూ ఉంటుంది. రెండూ తెలిసి ఉండాలి.

రేవు అంటే ఏమిటి?

సముద్రంలో అలలు ఎప్పుడూ కొడుతూనే ఉంటాయి. అలల్లో ఓడ నిలబడితే ఊగుతుంది. ఊగే ఓడ నుంచి సరుకు దించడం కష్టం. అందుకే ఓడకు నెమ్మదిగా ఉండే నీళ్ళు కావాలి. నీళ్ళు లోతుగా కూడా ఉండాలి. లేకపోతే ఓడ అడుగు ఇసుకకు తగులుతుంది. నెమ్మది, లోతు - ఈ రెండూ ఉన్న చోటే మంచి రేవు.

కొన్ని చోట్ల ప్రకృతే సగం రేవు కట్టి ఇస్తుంది. విశాఖపట్నం అట్లాంటి చోటు. అక్కడ డాల్ఫిన్ నోస్ అనే కొండ సముద్రంలోకి పొడుచుకు వచ్చింది. దాని పక్కనే ఉప్పుటేరు ఉంది. ఏటి వెనక పెద్ద చిత్తడి నేల ఉండేది. కొండ చాటున ఏటి నోటిని లోతు చేస్తే ఓడలు లోపలికి రావచ్చని ఇంజనీర్లు అనుకున్నారు.

అంతకు ముందు విశాఖలో ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరంగా లంగరు వేసేవి. కొబ్బరి తాడుతో కుట్టిన మసులా పడవల్లో సరుకు తెచ్చేవాళ్ళు. పెద్ద అల వస్తే మనుషులు, మూటలు నీళ్ళపాలయ్యేవి.

రేవు కోసం ఏటిని తవ్వారు. తవ్విన మట్టిని చిత్తడి నేలలో పోసి మెరక చేశారు. ఏటి నోటి దగ్గర ఇసుక చేరకుండా, అలలు తగలకుండా ఒక ఉపాయం చేశారు. రెండు పాత ఓడల్లో రాళ్ళు నింపి ముంచేశారు. అవే అడ్డుగట్టుగా నిలిచాయి. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటిసారి ఆ రేవులోకి వచ్చింది. 1970 దశకంలో కొండకు బయటి వైపున సముద్రంలోనే రాళ్ళ గట్లు వేసి బయటి రేవు కట్టారు. పెద్ద ఓడల్లో ఇనుప ఖనిజం పంపడానికి అది అవసరమైంది.

ముందు లోతు కొలవాలి

ఇల్లు కట్టేటప్పుడు ముందు స్థలం కొలుస్తారు. రేవుకు కూడా అంతే. సముద్రం అడుగు ఎట్లా ఉంది? రాయా, ఇసుకా, బురదా? ఎంత లోతు?

జాలరులు లోతును బారల్లో లెక్క పెడతారు. తాడుకు సీసపు గుండు కట్టి వదులుతారు. గుండు నేలకు తగిలాక ఎన్ని బారల తాడు పోయిందో చూస్తారు. ఇప్పుడు ఇంజనీర్లు శబ్దంతో కొలుస్తున్నారు. పడవ అడుగున ఒక యంత్రం ఉంటుంది. అది కిందికి శబ్దం పంపుతుంది. శబ్దం నేలకు తగిలి వెనక్కి వస్తుంది. బావిలోకి కేక వేస్తే తిరిగి వినిపిస్తుంది గదా, అట్లాగే.

ఉప్పునీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది. శబ్దం వెళ్ళి రావడానికి ఒక సెకను పట్టిందనుకోండి. పోయిన దూరం, వచ్చిన దూరం కలిపి 1500 మీటర్లు. అందులో సగం 750. అంటే లోతు 750 మీటర్లు. మరి సెకనులో పదో వంతు పడితే లోతు ఎంత? లెక్క కట్టి చూడండి. 75 మీటర్లు వస్తుంది.

తర్వాత నేలలోకి గొట్టం దించి మట్టి తీసి చూస్తారు. మెత్తటి బురద మీద గోడ కడితే కుంగిపోతుంది. గట్టి నేల తగిలేదాకా స్తంభాలు దించాలి.

అలలను ఆపే గట్టు

అలల ముందు సన్నటి గోడ నిలవదు. మద్రాసు రేవు ఇందుకు సాక్ష్యం. అక్కడ 1876లో పని మొదలుపెట్టారు. 1881 నవంబరులో తుపాను వచ్చింది. కట్టిన గోడలను విరగ్గొట్టింది. మళ్ళీ కట్టాల్సి వచ్చింది.

రాళ్ళ గట్టు పని తీరు వేరు. అది అలను ఎదిరించి నిలబడదు. అల బలాన్ని కొంచెం కొంచెంగా తాగేస్తుంది. నడుమ చిన్న రాళ్ళు పోస్తారు. దాని మీద పెద్ద రాళ్ళు పేరుస్తారు. అన్నిటికన్నా పైన కాంక్రీటు దిమ్మలు వేస్తారు. వాటికి నాలుగు కాళ్ళు ఉంటాయి. ఎటు పడేసినా మూడు కాళ్ళ మీద నిలబడతాయి, పొయ్యికి మూడు రాళ్ళు పెట్టినట్టు. నాలుగో కాలు పైకి ఉంటుంది. ఒకదాని కాళ్ళలో ఇంకొకటి ఇరుక్కుంటుంది. అందువల్ల అల వాటిని తేలిగ్గా లాగలేదు. వీటిని టెట్రాపాడ్లు అంటారు. 1950లో ఫ్రాన్సు ఇంజనీర్లు వీటిని తయారుచేశారు. పెద్దవి టన్నుల బరువు ఉంటాయి. ఒక టన్ను అంటే 10 క్వింటాళ్ళు.

నీళ్ళ మీద కనిపించే గట్టు కొంచెమే. కింద అది వెడల్పుగా, వాలుగా ఉంటుంది. కాళ్ళ దగ్గర ఇసుక కోసుకుపోతే గట్టు మొత్తం జారిపోతుంది. ఆ కాళ్ళు సరిగా ఉన్నాయా లేదా? ఒడ్డు మీద నిలబడితే తెలియదు. మనిషి కిందికి దిగి చూడాలి.

నీళ్ళలో సిమెంటు గట్టిపడుతుందా?

గడుతుంది. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది. భవనాల పనికి పోయే ఆడవాళ్ళకు ఇది తెలుసు. కొత్త గోడకు రోజూ నీళ్ళు కొడతారు. నీళ్ళు కొట్టకపోతే గోడ బలంగా ఉండదు.

అయితే కాంక్రీటును పైనుంచి నీళ్ళలోకి పోస్తే సిమెంటు కొట్టుకుపోతుంది. కంకర ఒక్కటే మిగులుతుంది. అందుకని పొడుగాటి గొట్టం వాడతారు. గొట్టం కింది మూతి అప్పటికే పోసిన కాంక్రీటులో మునిగి ఉంటుంది. కొత్త కాంక్రీటు లోపలినుంచే ఉబ్బి వస్తుంది. నీళ్ళను పక్కకు నెట్టేస్తుంది. గొట్టం మూతి బయటికి వచ్చిందంటే పని చెడిపోతుంది.

డైవరు ఎవరు?

నీటి కింద పని చేసే మనిషిని డైవరు అంటారు. ఊళ్ళో గజ ఈతగాళ్ళు ఉంటారు. వాళ్ళు ఊపిరి బిగబట్టి మునుగుతారు. ఒకటి రెండు నిమిషాల్లో పైకి వస్తారు. రేవు డైవరుకు అంత తక్కువ సేపు చాలదు. కింద రాళ్ళు సరిచూడాలి. దిమ్మలను దారిలో పెట్టాలి. ఇనుము కోయాలి, అతకాలి. స్తంభాలకు పగుళ్ళు ఉన్నాయేమో తడిమి చూడాలి. మునిగిన పడవలను తీయడానికి తాళ్ళు కట్టాలి.

అందుకే ఆయనకు గాలి పైనుంచి వస్తుంది. పడవ మీద కంప్రెసరు ఉంటుంది. అక్కడినుంచి గొట్టం డైవరు టోపీలోకి పోతుంది. గొట్టంతో పాటు మాట్లాడటానికి వైరు, లోతు చూసే సన్న గొట్టం, లాగడానికి గట్టి తాడు కలిపి కడతారు. ఈ కట్టకు ఇంగ్లీషులో ఉన్న పేరుకు అర్థం ‘బొడ్డుతాడు’. కడుపులో బిడ్డకు బొడ్డుతాడు ఎట్లాగో, నీళ్ళలో డైవరుకు ఇది అట్లాగ. అది తెగితే ప్రాణానికి ముప్పు. అందుకే వీపు మీద ఇంకో చిన్న గాలి సిలిండరు కూడా ఉండాలి.

రేవు నీళ్ళు చాలాసార్లు మురికిగా ఉంటాయి. చేయి చాస్తే చేయి కనిపించదు. డైవరు తడుముకుంటూ పని చేస్తాడు. చీకట్లో చేత్తో తడిమి బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.

డైవరు ఒక్కడే ఎప్పుడూ దిగకూడదు. పైన తాడు పట్టుకునేవాడు ఉండాలి. గడియారం చూసి రాసే మేస్త్రీ ఉండాలి. డ్రెస్సు వేసుకుని దూకడానికి సిద్ధంగా ఇంకో డైవరు ఉండాలి. ఓడ దగ్గర పని అయితే ఓడ ఇంజను ఆపి, ఎవరూ వేయకుండా తాళం పెట్టాలి. తలమీద క్రేను బరువు వేలాడుతున్నప్పుడు డైవరు దాని కింద ఉండకూడదు.

డైవర్లు నీళ్ళలో ఉన్నప్పుడు పడవ మీద తెలుపు, నీలం రంగుల జెండా కడతారు. ‘కింద మనిషి ఉన్నాడు. దూరంగా, మెల్లగా పోండి’ అని దాని అర్థం. చేపల పడవలు నడిపేవాళ్ళు ఆ జెండాను గుర్తుపట్టాలి. ఇంట్లో మగవాళ్ళకు, పిల్లలకు ఈ మాట చెప్పండి.

లోతులో ఒత్తిడి - గోలీ సోడా

నీళ్ళలో దిగేకొద్దీ నీటి బరువు మీద పడుతుంది. నేల మీద గాలి ఒత్తిడి ఒక వంతు అనుకుంటే, 10 మీటర్ల లోతులో రెండు వంతులు. 20 మీటర్లలో మూడు వంతులు. 30 మీటర్లలో నాలుగు. మొదట చెవులు నొప్పి పుడతాయి. అందుకే మెల్లగా దిగాలి.

అసలు ప్రమాదం పైకి వచ్చేటప్పుడు ఉంది. గోలీ సోడా కొట్టినప్పుడు ఏమవుతుంది? బుస్సుమని నురగ పొంగుతుంది. సీసా మూసి ఉన్నప్పుడు గ్యాసు నీటిలో కలిసిపోయి ఉంటుంది, కనిపించదు. ఒత్తిడి పోగానే బుడగలుగా బయటికి వస్తుంది. డైవరు ఒంట్లోనూ ఇట్లాగే జరుగుతుంది. పీల్చే గాలిలో ఎక్కువ భాగం నత్రజని. లోతులో ఎక్కువ సేపు ఉంటే అది రక్తంలో, కండల్లో కలిసిపోతుంది. డైవరు ఒక్కసారిగా పైకి వస్తే బుడగలు కడుతుంది. కీళ్ళు భరించలేని నొప్పి పెడతాయి. కాళ్ళు చేతులు మొద్దుబారతాయి. పక్షవాతం రావచ్చు. ప్రాణమూ పోవచ్చు.

మెల్లగా, మధ్యమధ్య ఆగుతూ వస్తే నత్రజని ఊపిరితో బయటికి పోతుంది. ఎంత లోతుకు ఎంతసేపు ఉండొచ్చు, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగాలి అని లెక్కల పట్టికలు ఉన్నాయి. హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద పరీక్షలు చేసి, 1908లో ఆ పట్టికలు అచ్చు వేయించాడు. అప్పటినుంచి ఎందరో డైవర్ల ప్రాణాలు నిలిచాయి.

ఇంకో నియమం. గొట్టం గాలి పీలుస్తూ పైకి వచ్చేవాడు ఊపిరి బిగబట్టకూడదు. ఒత్తిడి తగ్గేకొద్దీ లోపలి గాలి బుడగలా ఉబ్బుతుంది. ఊపిరితిత్తులు చిరిగిపోతాయి.

ఒక ఇల్లాలి పట్టుదల

ఈ జబ్బు గురించి చెప్పేటప్పుడు ఒక ఆడమనిషి కథ చెప్పుకోవాలి. అమెరికాలో న్యూయార్కు నగరంలో బ్రూక్లిన్ వంతెన ఉంది. 1870లో దాని పునాది పని మొదలైంది. ఏటి అడుగున పెద్ద చెక్క పెట్టెను బోర్లించారు. నీళ్ళు రాకుండా అందులో గాలి ఎక్కించారు. కూలీలు ఆ పెట్టెలో కూర్చుని మట్టి తవ్వారు. బయటికి రాగానే చాలామందికి కీళ్ళు పట్టేశాయి. కొందరు చనిపోయారు. కారణం అప్పటికి ఎవరికీ సరిగా తెలియదు.

పెద్ద ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా 1872లో మంచం పట్టాడు. వంతెన ఆగిపోతుందేమో అనుకున్నారు. అప్పుడు ఆయన భార్య ఎమిలీ ముందుకు వచ్చింది. ఆమె ఇంజనీరింగు చదవలేదు. ఇంట్లోనే లెక్కలు నేర్చుకుంది. ఇనుము బలం గురించి నేర్చుకుంది. భర్త మాటను పనివాళ్ళకు చేర్చింది. ఇంజనీర్ల ప్రశ్నలకు జవాబు చెప్పింది. పదేళ్ళకు పైగా అట్లా పని నడిపించింది. 1883లో వంతెన పూర్తయింది. దాని మీద అందరికన్నా ముందు బండిలో దాటింది ఆమే.

పెద్ద వయసులో నేర్చుకున్న చదువు ఎంత పని చేస్తుందో చూశారా!

సముద్రంలో మునిగే ఆడవాళ్ళు

నీళ్ళలో మునగడం మగవాళ్ళ పనే అనుకోవద్దు. కొరియా దేశంలో జెజు అనే దీవి ఉంది. అక్కడ ఆడవాళ్ళే సముద్రంలో మునుగుతారు. వాళ్ళను హెన్యో అంటారు. గాలి సిలిండరు వాడరు. ఊపిరి బిగబట్టి 10 మీటర్ల దాకా దిగుతారు. గుల్లలు, సముద్రపు నాచు కోసుకొస్తారు. వాళ్ళలో 60 ఏళ్ళు దాటినవాళ్ళే ఎక్కువ. ఆ ఆదాయంతో ఇళ్ళు నడిపారు, పిల్లలను చదివించారు. జపానులోనూ అట్లాంటి ఆడవాళ్ళు ఉన్నారు. 2016లో యునెస్కో జెజు ఆడవాళ్ళ సంప్రదాయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

వాళ్ళు జట్టుగా దిగుతారు. అనుభవం ఉన్న అవ్వలు కొత్తవాళ్ళకు నేర్పుతారు. గాలి ఎట్లా ఉంది, నీరు ఎట్లా ఉంది చూసి, దిగాలా వద్దా అని చెబుతారు.

ఇంట్లోవాళ్ళు అడగాల్సిన మాటలు

రేవు పని దగ్గర కొన్నిసార్లు మేస్త్రీలు ఊరి కుర్రాళ్ళను పిలుస్తారు. ‘నీకు ఈత వచ్చు గదా, గొట్టం పట్టుకుని దిగు. మామూలు కూలి కన్నా ఎక్కువ ఇస్తాం’ అంటారు. ఈత వచ్చినంత మాత్రాన డైవరు కాడు. నేర్చుకోకుండా దిగితే ఆ డబ్బు మందులకు కూడా చాలదు.

కొడుకో, భర్తో, తమ్ముడో దిగుతానంటే ఇవి అడగండి. శిక్షణ ఇచ్చారా? పైన మేస్త్రీ ఉంటాడా? రెండో డైవరు సిద్ధంగా ఉంటాడా? కంప్రెసరు ఆగిపోతే ఇంకో గాలి ఉందా? ప్రమాదం జరిగితే ఒత్తిడి గది ఎక్కడ ఉంది? ఒత్తిడి గది అంటే ఇనుప గది. జబ్బుపడ్డ డైవరును అందులో ఉంచి, ఒత్తిడి పెంచి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. బుడగలు కరిగిపోతాయి.

పని నుంచి వచ్చిన మనిషికి కీళ్ళ నొప్పి, తిమ్మిరి, తల తిరగడం, ఆయాసం ఉంటే ‘అలసట’ అని వదిలేయవద్దు. ‘తాగాడు’ అని తిట్టవద్దు. నూనె రాసి మర్దన చేస్తూ కూర్చోవద్దు. ఈ గుర్తులు కొన్ని గంటల తర్వాత కూడా రావచ్చు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. నీళ్ళలో ఎంత లోతుకు, ఎంతసేపు దిగాడో డాక్టరుకు చెప్పండి. ఆక్సిజన్ పెట్టమనండి. ‘మళ్ళీ నీళ్ళలోకి దింపితే తగ్గుతుంది’ అని ఎవరైనా అంటే వినవద్దు.

ఇసుక నడుస్తుంది

రేవు కట్టాక ఇంకో మార్పు వస్తుంది. సముద్రం ఒడ్డున ఇసుక కదలకుండా ఉండదు. అలలతో పాటు ఒడ్డు వెంట నడుస్తుంది. మన తూర్పు తీరంలో ఏడాదిలో ఎక్కువ నెలలు దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. దారిలో గట్టు అడ్డం వస్తే ఆగిపోతుంది. గట్టుకు దక్షిణాన ఇసుక పేరుకుంటుంది. ఉత్తరాన కొత్త ఇసుక రాదు. అల మాత్రం కొడుతూనే ఉంటుంది. ఒడ్డు కోసుకుపోతుంది.

మద్రాసు రేవుకు దక్షిణాన మెరీనా ఒడ్డు వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు సముద్రం లోపలికి వచ్చింది. ఆ వైపు రాళ్ళు పోసి కాపాడాల్సి వచ్చింది. విశాఖలో ఇది ముందే ఆలోచించారు. రేవు నోటి దగ్గర ఇసుక పడటానికి ఒక గుంట ఉంచారు. డ్రెడ్జర్ అనే తవ్వే ఓడ ఆ ఇసుకను తోడి, ఉత్తరాన నగరం ఒడ్డుకు పంపుతుంది. దీన్ని ఒకసారి చేసి వదిలేస్తే చాలదు. రేవు ఉన్నంతకాలం చేస్తూ ఉండాలి.

గంగవరం రేవు కట్టేటప్పుడు గంగవరం, దిబ్బపాలెం జాలరి కుటుంబాలు తమ పడవల రేవు పోతుందని ఆందోళన చేశాయి. ఆ రేవు 2009లో పని మొదలుపెట్టింది. ఓడకు చోటు వచ్చినప్పుడు తెప్పకు చోటు ఎక్కడ? ఈ ప్రశ్న ముందే అడగాలి. గట్టు లేచాక అడిగితే ఆలస్యమవుతుంది.

నోటీసు చదవండి

ముందే అడగడానికి దారి ఉంది. పెద్ద రేవు కట్టేముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. 2006లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఆ సంగతి ఉంది. సభకు కనీసం 30 రోజుల ముందు పేపరులో నోటీసు వేయాలి. రేవు వల్ల గాలికి, నీటికి, మనుషులకు ఏమవుతుందో రాసిన నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. సభలో ఎవరైనా మాట్లాడవచ్చు. ఆడవాళ్ళూ మాట్లాడవచ్చు. చెప్పింది రాసుకోవాలి. రాసింది అక్కడే చదివి వినిపించాలి.

చదువు రానప్పుడు ఆ కాగితం పక్కింటివాళ్ళ చేతికి పోయేది. వాళ్ళు ఏం చెబితే అదే నిజం అయ్యేది. ఇప్పుడు కూడబలుక్కుని అయినా సొంతంగా చదవవచ్చు. ఒక్కరికి రాని మాట ఇంకొకరికి వస్తుంది. నలుగురు కూర్చుని చదవండి. ఇసుక గురించి రాశారా? పడవలకు చోటు రాశారా? చేపలు ఎండబెట్టే చోటు రాశారా? లేకపోతే సభలో లేచి అడగండి.

సముద్రంలో గట్టు కట్టే ఇంజనీరు ముందు లోతు చూస్తాడు. నీళ్ళలో దిగే డైవరు ముందు గాలి చూసుకుంటాడు. కాగితం మీద సంతకం చేసేవాళ్ళు ముందు అందులో ఏముందో చూసుకోవాలి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. రాళ్ళ గట్టు అలలను ఎట్లా ఆపుతుంది?
2. శబ్దం వెళ్ళి రావడానికి సెకనులో ఐదో వంతు పడితే లోతు ఎంత?
3. డైవరు మెల్లగా ఎందుకు పైకి రావాలి? గోలీ సోడాతో పోల్చి చెప్పండి.
4. తెలుపు, నీలం జెండా కనిపిస్తే పడవవాళ్ళు ఏం చేయాలి?
5. మీ ఊరి దగ్గర రేవు కడితే మీరు సభలో అడిగే మొదటి ప్రశ్న ఏమిటి? ఒక వాక్యంలో రాయండి.